గోదావరి దారిలో బెంజి లారీ

భీమవరం, ఆకివీడు చెరువుల్లో తెల్లవారుజామున పట్టిన శీలావతి, బొచ్చె చేపలు ఐసు పొరల మధ్య సర్దుకుని లారీ ఎక్కుతాయి. అవి చేరాల్సిన హౌరా మార్కెట్ వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరం. రావులపాలెంలో బేరం కుదిరిన అరటి గెలకీ, కడియం నర్సరీలో వేరుమట్టితో సహా గోనె చుట్టిన మొక్కకీ ఇలాంటి ప్రయాణమే. ప్రతి సరుకుకీ ఒక గడువుంది. చేపకి ఐసు కరిగేదాకా, అరటికి కాయ మగ్గేదాకా, మొక్కకి వేరుమట్టిలో తడి ఆరేదాకా. ఆ గడువు దాటితే రైతు కష్టం రోడ్డుపాలవుతుంది.

గడువు లోపల సరుకు చేర్చే పని మన డెల్టాలో డీజిల్ లారీది. ఆ లారీ మన రోడ్ల మీద నమ్మకం సంపాదించుకున్న కథలో ఒక జర్మన్ కంపెనీ పేరు కలిసిపోయి ఉంది. మెర్సిడెస్-బెంజ్ అనగానే ఊళ్లన్నిటికీ కలవారి కారు గుర్తొస్తుంది. గోదావరి జిల్లాల పాతతరానికి మాత్రం బెంజి అంటే ముందు లారీయే. ఆ పేరు ఎలా వచ్చింది, అందులో ఎంత భౌతికశాస్త్రం ఉంది, ఎంత మనుషుల చెమట ఉంది, ఎంత అన్యాయం ఉంది అన్నది ఈ అధ్యాయంలో చూద్దాం. కంపెనీ మీద గౌరవం కూడా ఉష్ణోగ్రతలాగే, ఒత్తిడిలాగే కొలిచి తేల్చుకోవలసిన విషయమని నా నమ్మకం.

పడవ నుంచి లారీకి

ధవళేశ్వరం ఆనకట్టను ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తి చేయించాడు. దాని కింద తవ్విన కాలువలు పొలానికి నీళ్లిచ్చాయి, పడవలకు దారీ ఇచ్చాయి. ధాన్యం, కొబ్బరి, పెంకులు, ఉప్పు ఆ దారినే నడిచాయి. గట్టు మీద మనుషులు తాడు భుజాన వేసుకుని లాగుతుంటే టన్నుల కొద్దీ బరువున్న పడవ కదిలేది.

ఆ మనుషులు అంత బరువు ఎలా లాగగలిగారు? మెల్లగా కదిలే పడవను నీరు చాలా తక్కువగా అడ్డుకుంటుంది. చిక్కల్లా వేగం పెంచినప్పుడే వస్తుంది. పడవ వేగం రెట్టింపు చేస్తే నీటి నిరోధం సుమారు నాలుగు రెట్లవుతుంది, దానికి కావలసిన సామర్థ్యం ఎనిమిది రెట్లవుతుంది. పైగా అలలు కొట్టి కాలువ గట్లు తెగుతాయి. అందువల్ల కాలువ రవాణా ఎంత చౌకైనా మనిషి నడక వేగానికే కట్టుబడి ఉంది. ధాన్యానికి ఆ వేగం చాలు, పచ్చి చేపకి చాలదు.

లారీ సంగతి వేరు. మంచి తారు రోడ్డు మీద చక్రాల నిరోధం బరువులో దాదాపు నూటికి ఒకటో వంతు. వేగం పెరిగినా చక్రాల నిరోధం పెద్దగా పెరగదు. గంటకు నలభై, యాభై కిలోమీటర్ల దాకా గాలి నిరోధం కూడా పెద్ద లారీని మరీ ఇబ్బంది పెట్టదు. అయితే మెల్లగా వెళ్లే పడవతో పోలిస్తే లారీ తినే శక్తి చాలా ఎక్కువ. ఆ శక్తిని చౌకగా ఇచ్చే ఇంజను దొరికిన రోజున కాలువ మీది సరుకు రోడ్డెక్కింది.

మన్‌హైమ్‌లో మూడు చక్రాలు

1886 జనవరి 29న జర్మనీలోని మన్‌హైమ్‌కి చెందిన కార్ల్ బెంజ్ పెట్రోలు ఇంజనుతో నడిచే మూడు చక్రాల బండికి పేటెంటు దరఖాస్తు పెట్టాడు. ఇంజనుకి ఒకే సిలిండరు, బలం ఒక గుర్రానికి కూడా తక్కువ. అదే సంవత్సరం కాన్‌స్టాట్‌లో గోట్లీబ్ డైమ్లర్, విల్‌హెల్మ్ మేబాక్ తమ ఇంజనును నాలుగు చక్రాల బండికి బిగించారు. రెండు ఊళ్లలోనూ ఆ పని విడివిడిగా సాగింది.

బెంజ్ బండిని మొదట్లో ఎవరూ నమ్మలేదు. నమ్మించింది ఆయన భార్య బెర్తా. 1888 ఆగస్టులో భర్తకు చెప్పకుండా ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని ఆమె మన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్ దాకా వంద కిలోమీటర్లకు పైగా నడుపుకుంటూ వెళ్లింది. వీస్లోక్ ఊళ్లో మందుల దుకాణంలో ఇంధనం కొంది. ఇంధనపు గొట్టం పూడుకుంటే టోపీ పిన్నుతో పొడిచి తెరిచింది. బ్రేకు చెక్కలు అరిగిపోతే చెప్పులు కుట్టే అతనితో తోలు వేయించింది. ఎత్తు ఎక్కలేని చోట కొడుకులు దిగి తోశారు. ఆ అనుభవం విన్నాక బెంజ్ ఎత్తులెక్కడానికి ఇంకో గేరు చేర్చాడు. ఈ కంపెనీ పేరుకి పునాది పడింది ఇక్కడే, నడిరోడ్డు మీద జరిగిన ఒక పరీక్షలో.

మెర్సిడెస్ అన్నది డైమ్లర్ కార్లు అమ్మిన వ్యాపారి ఎమిల్ యెల్లినెక్ కూతురి పేరు. నేల, నీరు, గాలి మూడింటిలోనూ నడిచే ఇంజన్లకు గుర్తుగా మూడు కోణాల నక్షత్రాన్ని 1909లో నమోదు చేశారు. 1926లో రెండు కంపెనీలూ కలిసి డైమ్లర్-బెంజ్ అయ్యాయి.

గాలిని నొక్కితే నిప్పు

మన కథకు అసలు మలుపు తిప్పినవాడు ఇంకొకడు, రుడాల్ఫ్ డీజిల్. మ్యూనిక్‌లో చదువుకునే రోజుల్లో ఆవిరి ఇంజను బొగ్గులోని వేడిలో పదో వంతును మించి పనిగా మార్చలేదని ఆయన విన్నాడు. మిగతాదంతా పొగగొట్టంలో పోతోంది. ఆ వృథా ఆయన్ని నిద్రపోనివ్వలేదు.

సైకిలు పంపుతో గట్టిగా గాలి కొట్టి పంపు అడుగుభాగం పట్టుకు చూడండి, చెయ్యి చురుక్కుమంటుంది. గాలిని వేగంగా నొక్కితే అది వేడెక్కుతుంది. దాన్ని పద్దెనిమిదో వంతు చోటులోకి కుదిస్తే లెక్కప్రకారం ఉష్ణోగ్రత 650 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. కొంత వేడి గోడలకు పోయినా మిగిలినది డీజిల్ నూనె తనంతట తాను అంటుకోవడానికి చాలినంతకన్నా ఎక్కువే. కాబట్టి నిప్పురవ్వ వేసే ప్లగ్గు అక్కర్లేదు. గాలిని ముందు నొక్కి, ఆఖరి క్షణంలో నూనెను సన్నని తుంపరగా చిమ్మితే చాలు.

ఇందులో ఇంకా పెద్ద లాభం ఉంది. ఎంత ఎక్కువ కుదిస్తే మండిన వాయువు అంత ఎక్కువగా వ్యాకోచించి పిస్టన్‌ను నెడుతుంది. అంటే వేడిలో ఎక్కువ భాగం పనిగా మారుతుంది. పెట్రోలు ఇంజనులో గాలీ ఇంధనమూ ముందే కలిసి ఉంటాయి కనుక అంతగా కుదిస్తే మధ్యలోనే అంటుకుని ఇంజను కొట్టుకుంటుంది. డీజిల్‌కు ఆ భయం లేదు. 1897లో ఆగ్స్‌బర్గ్‌లో జరిగిన పరీక్షలో డీజిల్ ఇంజను 26.2 శాతం దక్షత చూపింది. 1900 పారిస్ ప్రదర్శనలో ఇలాంటి ఇంజనొకటి వేరుశనగ నూనెతో కూడా నడిచింది.

అయితే ఆ తొలి ఇంజన్లు ఫ్యాక్టరీలో కదలకుండా కూర్చునేవి. నూనెను సిలిండరులోకి ఊదడానికి పెద్ద గాలి కంప్రెసరు కావలసి వచ్చేది, దాన్ని బండి మీద పెట్టడం కుదరదు. బెంజ్ కంపెనీ ఇంజనీరు ప్రాస్పర్ లోరాంజ్ 1909లో దీనికి దారి చూపాడు. సిలిండరు తలలో చిన్న గది పెట్టి, మంట ముందు అందులో మొదలై అక్కడి నుంచి దూసుకుంటూ పెద్ద గదిలోకి వచ్చేలా చేశాడు. కంప్రెసరు అవసరం పోయింది. 1923లో బెంజ్ డీజిల్ లారీ తయారైంది. 1927లో బాష్ కంపెనీ నూనె చిమ్మే పంపును పెద్ద ఎత్తున తయారు చేయసాగింది. 1936లో మెర్సిడెస్ 260 డి కారు వచ్చింది.

ఒక లీటరు డీజిల్‌లో సుమారు 10 యూనిట్ల (కిలోవాట్-గంటల) శక్తి ఉంటుంది. ఇంజను అందులో మూడో వంతును పనిగా మారిస్తే మూడు యూనిట్లకు పైగా దక్కుతుంది. గట్టి మనిషి రోజంతా ఒళ్లొంచి చేసే పని అర యూనిట్‌ కన్నా కొంచెం ఎక్కువ. అంటే ఒక లీటరులో ఐదారుగురు మనుషుల రోజు కష్టం దాగి ఉంది. కాలువ గట్టు మీద తాడు లాగిన భుజాలకు విశ్రాంతి దొరికింది ఈ లెక్క వల్లనే.

జంషెడ్‌పూర్ నుంచి డెల్టాకి

1945లో రైలింజన్ల కోసం పుట్టిన టెల్కో, ఇప్పటి టాటా మోటార్స్, 1954లో డైమ్లర్-బెంజ్‌తో పదిహేనేళ్ల ఒప్పందం చేసుకుంది. అదే ఏడాది జంషెడ్‌పూర్ నుంచి టాటా-మెర్సిడెస్-బెంజ్ లారీలు బయటికి వచ్చాయి. ముందు పొడుచుకొచ్చిన బానెట్, దాని మీద మూడు కోణాల నక్షత్రం, లోపల ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజను. ఒప్పంద కాలంలో విడిభాగాలు ఒక్కొక్కటిగా ఇక్కడే తయారవడం మొదలైంది. 1969లో ఒప్పందం ముగిసింది. నక్షత్రం దిగి టాటా గుర్తు ఎక్కింది. జనం నోట మాత్రం టాటా బెంజి అన్న మాట ఆ తర్వాత కూడా చాలాకాలం నిలిచింది. విజయవాడలో జాతీయ రహదారి మీది బెంజ్ సర్కిల్‌కు ఆ పేరు అక్కడున్న టాటా-బెంజ్ కంపెనీ వల్లే వచ్చిందని ఊరివాళ్లు చెబుతారు.

డెల్టాకు ఆ లారీ నప్పడానికి కారణాలున్నాయి. డీజిల్ ఇంజను తక్కువ వేగంలోనే గట్టిగా లాగుతుంది, కాబట్టి నిండు లోడుతో కాలువ వంతెన ఎక్కడానికి తడబడదు. నల్లరేగడి మీద వేసిన రోడ్లు వానకి ఉబ్బి ఎండకి బీటలువారి గుంతలు పడతాయి. ఆ కుదుపులకు బలమైన చట్రం, దళసరి కమాన్ కట్టలు తట్టుకున్నాయి. 1974లో రాజమండ్రి, కొవ్వూరుల మధ్య సుమారు 2.8 కిలోమీటర్ల రోడ్డు-రైలు వంతెన తెరిచాక రెండు గట్ల మధ్య రాకపోకలు కొత్త ఊపందుకున్నాయి. అంతకుముందు అక్కడ 1900లో కట్టిన హేవలాక్ వంతెన మీద రైళ్లే నడిచేవి.

నమ్మకం లెక్క

గట్టి బండి అని జనం అనే మాటను లెక్కలోకి మార్చవచ్చు. పాడైతే లారీ ఆగిపోయే ముఖ్యమైన భాగాలు వంద ఉన్నాయనుకుందాం. ఒక్కో భాగం వెయ్యి ట్రిప్పులకు ఒకసారి పాడవుతుందనుకుందాం. వినడానికి అది మంచి నాణ్యతే. కానీ వందా కలిస్తే ప్రతి పది ట్రిప్పుల్లో దాదాపు ఒక ట్రిప్పు దారిలో ఆగుతుంది. అదే ఒక్కో భాగం పది వేల ట్రిప్పులకు ఒకసారి పాడయ్యేంత మెరుగైతే వంద ట్రిప్పుల్లో ఒక్కటే ఆగుతుంది. ఐసు వేసిన చేపలతో బరంపురం దాటాక రోడ్డు పక్కన ఆగిన యజమానికి ఈ తేడా అప్పుకీ లాభానికీ మధ్య తేడా. లారీకి పేరు తెచ్చేది ఒక గొప్ప ఇంజను ఒక్కటే కాదు, మామూలుగా ఎవరూ పట్టించుకోని వంద చిన్న భాగాలు ఏకరీతిగా బాగుండటం.

నూనె చిమ్మే పంపునే చూడండి. లోపల కదిలే కడ్డీకీ దాని గొట్టానికీ మధ్య సందు మిల్లీమీటరులో రెండు, మూడు వేలవ వంతులు. మన తలవెంట్రుక అంతకు ఇరవై రెట్లకు పైగా లావు. సందు పెరిగితే ఒత్తిడి జారిపోతుంది, తగ్గితే కడ్డీ పట్టేస్తుంది. దుమ్ము రేణువు ఒక్కటి పోయినా గీత పడుతుంది. అంత సున్నితమైన దాన్ని విజయవాడ ఆటోనగర్‌లో, రాజమండ్రి షెడ్లలో మేస్త్రీలు విప్పి, కడిగి, నాజిల్ తుంపర చూసి, చెవితో ఇంజను మాట విని సరిచేశారు. చాలామంది కాలేజీ గడప తొక్కినవాళ్లు కారు. జర్మన్ డ్రాయింగులో పుట్టిన యంత్రం మన ఎండలో, మన దుమ్ములో దశాబ్దాల పాటు బతికిందంటే ఆ కీర్తిలో పెద్ద వాటా వీళ్లది. కంపెనీ చరిత్రలు రాసేవాళ్లు ఈ పేజీ కలుపుకోవాలి.

డ్రైవర్ల సంగతి కూడా చెప్పాలి. 1951లో డైమ్లర్-బెంజ్ ఇంజనీరు బేలా బారెన్యీ కారు ముందుభాగం గుద్దుకున్నప్పుడు నలిగి, లోపలి గది మాత్రం గట్టిగా నిలిచే పద్ధతికి పేటెంటు కోరాడు. అందులోని భౌతికశాస్త్రం సూటిగా ఉంటుంది. గంటకు 72 కిలోమీటర్ల వేగంతో పోయే మనిషి పది సెంటీమీటర్లలో ఆగిపోతే శరీరం మీద పడే బలం దాని బరువుకు రెండు వందల రెట్లు. అరవై సెంటీమీటర్లు నలుగుతూ ఆగితే అది ముప్పై నాలుగు రెట్లకు దిగుతుంది. ఒకటి చావు, ఇంకొకటి బతికే అవకాశం. ఈ జ్ఞానం కార్లలోకి 1959 నుంచే వచ్చింది. మన లారీలు మాత్రం ఎన్నో ఏళ్ల పాటు చట్రం, ఇంజనులతో అమ్ముడై, చెక్క క్యాబిన్ మన ఊళ్లలో కట్టించుకునేవి. పక్కనే కాగే ఇంజను, ఎదురుగా పల్చని చెక్క. నక్షత్రానికి మన రోడ్ల మీద పేరు తెచ్చిన డ్రైవరు, క్లీనరు ఆ వేడిలో, ఆ ప్రమాదంలో బతికారు. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే మధ్యతరహా, పెద్ద లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు. చాలా ఆలస్యమైనా ఇది న్యాయమైన పని.

పేరు వెనక రెండు మచ్చలు

పేరును కొలవాలంటే రెండు వైపులా చూడాలి. రెండో ప్రపంచయుద్ధంలో డైమ్లర్-బెంజ్ నాజీ సైన్యానికి లారీలు, యుద్ధవిమానాల ఇంజన్లు తయారుచేసింది. 1944లో దాని కింద పనిచేసిన 63,610 మందిలో దాదాపు సగం బలవంతంగా పట్టుకొచ్చిన కూలీలు, యుద్ధఖైదీలు, కాన్సంట్రేషన్ క్యాంపుల బందీలు. ఈ లెక్కను ఇవాళ కంపెనీయే తన చరిత్రలో ప్రచురిస్తోంది. ఇంజను ఎంత చక్కగా తిరిగిందన్నది దాన్ని తిప్పిన చేతులకు జరిగిన అన్యాయాన్ని తుడిచెయ్యదు. సాంకేతిక నైపుణ్యం, నీతి వేర్వేరు కొలతలు. ఒకదాంట్లో మార్కులొస్తే రెండోదాంట్లో వచ్చినట్టు కాదు.

రెండో మచ్చ మన కాలానిది. డీజిల్ ఇంజనుకు బలమిచ్చే వేడే దాని శాపం కూడా. అంత వేడిలో, అంత గాలి మిగిలి ఉన్నచోట, మామూలుగా దేనితోనూ సులువుగా కలవని నైట్రోజన్ ఆక్సిజన్‌తో కలిసి నైట్రోజన్ ఆక్సైడ్లవుతుంది. ఇవి ఊపిరితిత్తులకు హాని, ఎండలో ఓజోన్‌కు కారణం. మంటను చల్లబరిస్తే ఈ ఆక్సైడ్లు తగ్గుతాయి, కానీ మసి పెరిగి మైలేజీ పడిపోతుంది.

దీనికి రసాయనశాస్త్రం ఇచ్చిన విరుగుడు మన రైతుకు బాగా తెలిసిన యూరియా. కాకినాడ ఎరువుల ఫ్యాక్టరీలో సహజవాయువు నుంచి తయారై వరిచేలో చల్లిన పదార్థమే, మరింత శుద్ధి చేసి నీళ్లలో 32.5 శాతం కలిపితే లారీ పక్కనుండే నీలం మూత ట్యాంకులోకి వెళ్తుంది. పొగగొట్టం వేడికి అది అమ్మోనియా అవుతుంది. ఉత్ప్రేరకం సాయంతో అమ్మోనియా నైట్రోజన్ ఆక్సైడ్లను మామూలు నైట్రోజన్‌గా, నీటి ఆవిరిగా మారుస్తుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా అమలైన బీఎస్-6 ప్రమాణాలను పెద్ద లారీలు అందుకునేది ముఖ్యంగా ఈ పద్ధతితోనే.

విరుగుడు చేతిలో ఉన్నా కొందరు మోసం దారి పట్టారు. అమెరికాలోని వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు కొలత పరికరాలను కారులోనే పెట్టుకుని రోడ్డు మీద నడిపి చూశారు. వారిలో మన దేశం నుంచి వెళ్లిన అరవింద్ తిరువెంగడం, హేమంత్ కప్పన్న ఉన్నారు. పరీక్షశాలలో శుభ్రంగా ఉన్న ఫోక్స్‌వ్యాగన్ డీజిల్ కార్లు రోడ్డు మీద హద్దుకు ఎన్నో రెట్లు ఎక్కువ నైట్రోజన్ ఆక్సైడ్లు వదులుతున్నాయని తేలింది. పరీక్ష జరుగుతోందని గుర్తుపట్టి పద్ధతిగా ప్రవర్తించే సాఫ్ట్‌వేర్ వాటిలో ఉందని 2015లో బయటపడింది. ప్రపంచవ్యాప్తంగా కోటి పది లక్షల వాహనాల్లో అది ఉన్నట్టు తేలింది. డైమ్లర్ కూడా 2020లో సుమారు రెండున్నర లక్షల మెర్సిడెస్ డీజిల్ కార్లు, వ్యాన్లకు సంబంధించి ఇలాంటి ఆరోపణల మీద అమెరికా ప్రభుత్వంతో దాదాపు 150 కోట్ల డాలర్లకు రాజీ పడింది. తప్పు చేశామని కంపెనీ ఒప్పుకోలేదు.

బెర్తా బెంజ్ ప్రయాణంలో ఉన్నదీ, ఈ పరిశోధకుల ప్రయాణంలో ఉన్నదీ ఒకే పద్ధతి. బండిని తయారీదారు మాట మీద వదలకుండా రోడ్డు మీదికి తెచ్చి చూడటం. మొదటిది పేరు నిలబెట్టింది, రెండోది పేరు చాటున ఉన్నదాన్ని బయటపెట్టింది.

రేపటి లారీ ముందున్న ప్రశ్నలు

2012లో చెన్నై దగ్గరి ఒరగడం నుంచి భారత్‌బెంజ్ పేరుతో లారీలు రావడంతో ఆ పేరు మళ్లీ మన రహదారుల మీదికి ఎక్కింది. 2021 చివర్లో డైమ్లర్ లారీల వ్యాపారం కార్ల నుంచి విడిపోయింది. అలా విడిపోయిన లారీల కంపెనీ ఐరోపాలో ఇప్పుడు 600 యూనిట్లకు పైగా బ్యాటరీ ఉన్న ఈ-యాక్ట్రోస్ లారీలు తయారుచేస్తోంది. ఒకసారి చార్జి చేస్తే అవి సుమారు 500 కిలోమీటర్లు వెళ్తాయి. కిలో డీజిల్‌లో దాదాపు 12 యూనిట్ల శక్తి ఉంటే, కిలో బ్యాటరీలో పట్టేది ఒక యూనిట్‌లో నాలుగో వంతు కూడా లేదు. విద్యుత్ మోటారు దక్షత డీజిల్ ఇంజనుకు రెట్టింపు ఉన్నా ఆ లోటు పూర్తిగా పూడదు. భీమవరం చేపల లారీ హౌరా చేరాలంటే దారిలో కనీసం రెండుసార్లు చార్జింగు కావాలి, అంతసేపూ ఐసు కరుగుతూనే ఉంటుంది. తిరుపతి దాకా పోయే కొబ్బరి లారీకి, రాజమండ్రి చుట్టూ తిరిగే సరుకు బండ్లకు మాత్రం ఇది ముందే అందుబాటులోకి రావచ్చు.

జర్మనీ నుంచి వచ్చినా, పుణె నుంచి వచ్చినా, చైనా నుంచి వచ్చినా కొత్త లారీని డెల్టా అడగవలసిన ప్రశ్నలు నాలుగు. ఒక యూనిట్ శక్తికి ఎంత సరుకు ఎంత దూరం చేరుస్తుంది? వంద ట్రిప్పుల్లో ఎన్నిసార్లు ఆగుతుంది, ఆగితే మన మేస్త్రీ చేత బాగవుతుందా? రోడ్డు పక్క బడిలో చదివే పిల్లల ఊపిరిలోకి ఏమి వదులుతుంది? లోపల కూర్చున్న మనిషిని ఎలా చూసుకుంటుంది? మొదటి రెండు ప్రశ్నలకు బెంజి లారీ మంచి జవాబు చెప్పింది కాబట్టే ఇన్నేళ్లు గౌరవం పొందింది. చివరి రెండింటిని ఆనాడు ఎవరూ అడగలేదు. ఇకముందు ఏ కంపెనీకైనా పేరు ఇచ్చేముందు నాలుగూ అడిగి, జవాబును మనమే రోడ్డు మీద కొలిచి తేల్చుకోవాలి.